ఆకుపచ్చ తోడేలు, తల లేని మేక

ఆర్మీనియస్ వాంబెరి హంగేరీ పండితుడు. చిన్నప్పటి నుంచీ ఒక కాలు కుంటి. 1863లో ఆయన దర్వేషు వేషం కట్టి, మక్కా నుంచి తిరిగి వెళ్తున్న హాజీల గుంపులో కలిసిపోయి, టెహరాన్ నుంచి ఖీవా, బుఖారా, సమర్కందుల దాకా వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చాడు. మరుసటి ఏడాది లండన్‌లో అచ్చయిన ఆయన యాత్రా గ్రంథంలో ఒక పెళ్లి తంతు ఉంది. పెళ్లి బట్టల్లో ఉన్న పిల్ల మేలుజాతి గుర్రం ఎక్కి, గొర్రెదో మేకదో కళేబరం ఒళ్లో పెట్టుకుని దౌడు తీస్తుంది. పెళ్లికొడుకూ అతని తోటివాళ్లూ గుర్రాల మీద వెంటపడి దాన్ని లాక్కోవాలి. ఈ ఆట పేరు కోక్‌బురి అనీ, అంటే 'ఆకుపచ్చ తోడేలు' అనీ ఆయన రాశాడు.

ఆకుపచ్చ తోడేలేమిటని నవ్వాల్సిన పని లేదు. తుర్కీ భాషల్లో 'కోక్' అన్న మాట ఆకాశపు నీలానికీ, గడ్డి రంగుకీ, గుర్రం ఒంటి బూడిద రంగుకీ కూడా చెల్లుతుంది. మన 'పచ్చ' ఆకుకీ పసుపుకీ చెల్లినట్టే. తోడేలు దగ్గర దాని అర్థం బూడిద రంగు. తుర్కీ భాషలు బాగా తెలిసిన వాంబెరికే తోడేలు రంగు మారిపోయింది. ఆ పుస్తకం చదివిన ఐరోపా పండితులైతే తోడేలునే వదిలేసి పెళ్లికూతుర్ని పట్టుకున్నారు. మన ధర్మశాస్త్రాలు రాక్షసం అని పేరు పెట్టిన పద్ధతి, అంటే పిల్లను ఎత్తుకుపోయి పెళ్లాడడమే మానవజాతి తొలి వివాహమని అప్పట్లో ఒక సిద్ధాంతం ఊపు మీద ఉంది. దానికి ఈ గుర్రాల పరుగు మంచి సాక్ష్యంగా అక్కరకొచ్చింది. అదొక ఆట అన్న సంగతి పక్కకు పోయింది.

నూట అరవై ఏళ్లు గడిచాయి. ఇప్పుడు అదే ఆట మన ఫోన్లలో అర నిమిషం వీడియోగా కనబడుతుంది. పైన ఇంగ్లీషులో 'డెడ్ గోట్ పోలో' అని ఉంటుంది, కింద వెక్కిరింపులో, శాపనార్థాలో. పెళ్లికూతురు పోయి తల లేని మేక వచ్చింది. బయటివాళ్లు ఈ ఆటలో చూసేది మేకను. ఆడేవాళ్లూ, వాళ్ల ఊళ్లవాళ్లూ చూసేది గుర్రాన్నీ, ఆ గుర్రం ఎవరిదో ఆ మనిషి పేరునీ. ఈ తేడా గమనించకుండా రాసిన తిట్లూ పొగడ్తలూ రెండూ ఒకే చోట గురి తప్పాయని నాకనిపిస్తుంది.

పేర్లతో మొదలుపెడదాం. అఫ్ఘానిస్తాన్‌లో, తజికిస్తాన్‌లో దీన్ని బుజ్‌కషీ అంటారు. ఫారసీలో బుజ్ అంటే మేక, కషీ అంటే లాగడం. హైదరాబాదులో తాడు లాగే పోటీని రస్సాకషీ అనగా విన్నవాళ్లకు దీనికి నిఘంటువు అక్కర్లేదు. కిర్గిజ్‌లకు ఇది కోక్ బోరు, లేదా ఉలక్ తార్తిష్. కజఖ్‌లకు కోక్‌పర్. ఉజ్బెకులకు కుప్కారి, ఉలాక్. చైనాలోని షిన్‌జియాంగ్‌లో ఉయ్‌గుర్‌లూ కజఖ్‌లూ తాజిక్‌లూ కూడా ఆడతారు, అక్కడి కొండ ఎత్తుల్లో జడల బర్రెల మీద ఆడే రకం ఒకటుంది. ఇన్ని పేర్లున్న ఆటకు ఒకే పుట్టుక కథ చెప్పడం కష్టం. పర్యాటకుల పుస్తకాలు మాత్రం తడుముకోకుండా చెంగీజ్‌ఖాన్ పేరు చెప్పేస్తాయి. మంగోలు సైనికులు శత్రువుల కళేబరాలతో ఆడేవారనే కథ కూడా ఒకటి తిరుగుతూ ఉంటుంది. వీటికి ఆధారం లేదు. కిర్గిజ్‌లు చెప్పుకునేది వేరు: మందల మీద పడిన తోడేలును గుర్రాల మీద తరిమి చంపి, ఆ కళేబరాన్ని ఒకరి చేతుల్లోంచి ఒకరు గుంజుకుంటూ ఇంటికొచ్చేవారట, ఆట పేరు దాని నుంచే వచ్చిందట. ఇదీ కథే. కానీ గొర్రెల కాపరి పుట్టించిన కథ కాబట్టి, ఖాన్‌ల కథ కంటే ఆటకు దగ్గరగా ఉంది.

చిన్న పక్కమాట. గుర్రం మనకు పాతదే అయినా, దాని మీద కూర్చోవడానికి వాడే మాటలు చాలావరకు ఆ వైపు నుంచి వచ్చినవే. జీను, లగాము, రికాబు, చబుకు, సవారీ. వీటిలో కొన్ని ఇప్పటికీ ఉత్తర అఫ్ఘానిస్తాన్‌లోని కుందూజ్ మైదానంలో వినబడతాయి.

ఆట ఎలా ఉంటుంది? అఫ్ఘానిస్తాన్ ఉత్తరాన మేక స్థానంలో దూడ వచ్చి చాలా కాలమైంది. పేరు మేకదే, పని దూడది. దూడ తోలు గట్టిది, పదుల మంది రెండు పక్కలా గుంజినా తొందరగా చిరగదు. జంతువును ముందురోజే హలాల్ చేసి, తల, గిట్టలు తీసేసి, పేగులు తీసి, చన్నీళ్లలో నానబెడతారు. తడిసిన తోలు బిగుస్తుంది, బరువూ పెరుగుతుంది. మైదానం మధ్యలో దాన్ని పడేస్తారు. చుట్టూ గుర్రాలు మూగుతాయి. ఆ తొక్కిసలాటలో రౌతు ఒక కాలు జీనుకు మెలేసి, నేల దాకా ఒరిగి, దాని కాలు దొరకబుచ్చుకుని, పైకి లాగి తన తొడ కింద నొక్కిపెట్టుకుని గుంపులోంచి బయటపడాలి. చేతులు రెండూ కావాలి కాబట్టి కొరడా పళ్ల మధ్య ఉంటుంది.

అక్కడ దీనికి రెండు పద్ధతులున్నాయి. పాతది తూదాబరాయ్: కళేబరాన్ని గుంపులోంచి విడిపించి, ఎవరికీ అందకుండా దూరంగా తీసుకుపోతే గెలుపు. జట్లు లేవు, హద్దులు లేవు, ఎవరికి వారే. వందల మంది ఒకేసారి దిగొచ్చు. రెండోది ఖరాజాయ్: దూరంగా పాతిన జెండాను చుట్టి వచ్చి, సున్నంతో గీసిన 'హలాల్ వలయం'లో పడేయాలి. కొత్తగా చూసేవాడికి రెండోదే అర్థమవుతుంది, దానికి గోలుంది కాబట్టి. ఊళ్లలో మనసులు కొట్టుకునేది మాత్రం మొదటిదాని కోసం.

ఎందుకంటే అందులో తగువుంది. గుంపులోంచి 'విడిపించడం' అంటే ఎంత దూరం? ఇద్దరి చేతుల్లో ఉన్నప్పుడు బయటపడితే అది ఎవరిది? పక్కవాడి గుర్రం తల అడ్డం ఉంటే అది విడిపించినట్టా కాదా? దీనికి గీత లేదు, టేపు లేదు. ప్రతి విడతకూ ఇద్దరు ముగ్గురు తామే గెలిచామని అరుస్తారు, వాళ్ల వెనక వాళ్ల యజమానులు అరుస్తారు. అప్పుడు ఎవరో ఒకరి మాట చెల్లాలి. ఎవరి మాట చెల్లిందన్నదే అసలు ఫలితం.

ఈ సంగతిని బయటివాళ్లలో సరిగ్గా పట్టుకున్నది అమెరికన్ మానవశాస్త్రవేత్త విట్నీ అజోయ్. కాబూల్‌లో దౌత్యోద్యోగిగా పని చేసి, ఆ కొలువు వదిలి, 1970లలో ఉత్తర అఫ్ఘానిస్తాన్‌లో ఉండి ఈ ఆటను పరిశీలించాడు. 1982లో వచ్చిన ఆయన పుస్తకం 'బుజ్‌కషీ: గేమ్ అండ్ పవర్ ఇన్ అఫ్ఘానిస్తాన్' ఈ విషయం మీద ఇప్పటికీ మొదట చదవాల్సినది. ఆయన దృష్టి మేక మీద లేదు, రౌతు మీద కూడా అంతగా లేదు. తోయ్ మీద ఉంది. తోయ్ అంటే వేడుక. కొడుక్కి పెళ్లో సున్తీయో అయితే ఒక ఖాన్, అంటే ఆ ప్రాంతపు పెద్ద, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కబురు పెడతాడు. వచ్చినవాళ్లకు రోజుల తరబడి బస, తిండి, గుర్రాలకు మేత, గెలిచినవాళ్లకు బహుమానం అన్నీ ఇతనివే. పిలిస్తే ఎంతమంది పెద్దలు వచ్చారు, వచ్చినవాళ్లు తన్నుకోకుండా చివరి రోజు దాకా ఉన్నారా, తగువు వస్తే ఇతను తీర్చగలిగాడా అన్న మూడు లెక్కలతో అతని విలువ తేలిపోతుంది. అంతా సవ్యంగా జరిగితే అతని 'నామ్' పెరుగుతుంది. ఆ ఫారసీ నామ్‌కూ మన నామానికీ మూలం ఒకటే, అర్థమూ ఒకటే, పేరు. వేడుక మధ్యలో గొడవై జనం గుర్రాలెక్కి వెళ్లిపోతే ఆ పేరు అక్కడితో సరి. ఇంటి పెళ్లిలో బంధువులు అలిగి విస్తరి ముందు నుంచి లేచిపోతే ఆ ఇంటి పెద్ద పరిస్థితేమిటో మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

రౌతును చాపందాజ్ అంటారు. అందరూ చాపందాజ్‌లు కారు. గుంపులో ఎవరైనా దిగొచ్చు గానీ, ఆ పేరు దక్కేది ఏళ్ల తరబడి నిరూపించుకున్న కొద్దిమందికే. వాళ్లలో చాలామంది నలభై దాటినవాళ్లు. మిగిలిన ఆటల్లో మనిషి విశ్రాంతి తీసుకునే వయసుకు ఇందులో పేరొస్తుంది. వేళ్లు ఎన్నిసార్లు విరిగి అతుక్కున్నాయో వాళ్ల చేతులు చూస్తే తెలుస్తుంది. మందపాటి కోటు, పొడుగు మడమల బూట్లు, అంచుకు బొచ్చు కుట్టిన టోపీ. సోవియట్ సైన్యం పోయాక, ఆ ట్యాంకుల సిబ్బంది పెట్టుకునే మెత్తటి శిరస్త్రాణాలు చాలామంది తలలకెక్కాయి. దండెత్తి వచ్చినవాడి టోపీ పెట్టుకుని మేకను లాగడం గురించి ఎవరూ వ్యాసాలు రాయలేదు గానీ, నాకు మాత్రం ఆ బొమ్మ చూసినప్పుడల్లా నవ్వొస్తుంది.

అయితే గుర్రం చాపందాజ్‌ది కాదు, ఖాన్‌ది. రౌతు కూలికి వచ్చినవాడు, మంచి కూలికే అనుకోండి. గుర్రాన్ని తయారు చేయడానికి ఏళ్లు పడుతుంది. గుంపులోకి ఛాతీతో తోసుకుపోవాలి. రౌతు నేలకు ఒరిగితే కదలకుండా నిలబడాలి. కింద పడితే తొక్కకుండా ఆగాలి. కళేబరం పైకొచ్చిన బరువు తెలియగానే ఎవరూ చెప్పకుండా దౌడు తీయాలి. ఊళ్లో జనం సాయంత్రం చెప్పుకునేది ఈ గుర్రం గురించే: ఎవరి దొడ్లో పుట్టింది, తండ్రి గుర్రం ఏది, చలికాలానికి ముందు ఎలా మేపారు. రౌతు పేరు రెండోది, మేక ప్రస్తావనే రాదు. మన దగ్గర బండ లాగుడు పందేలు చూసి వచ్చిన రైతులు బండ గురించి మాట్లాడరు, ఎడ్ల గురించే మాట్లాడతారు. ఇదీ అంతే.

ఇక దీన్ని 'అఫ్ఘానిస్తాన్ జాతీయ క్రీడ' అనడం. ఇది బయటివాళ్ల తప్పు అని పూర్తిగా అనలేం, కాబూల్ ప్రభుత్వమే అలా చెప్పింది. నిజానికి ఇది హిందూకుష్‌కు ఉత్తరాన ఉన్న ఉజ్బెకులు, తుర్క్‌మెన్లు, తాజిక్‌ల ఆట. దక్షిణాన పష్తూన్ ప్రాంతాల్లో దానికి పాత వేళ్లు లేవు. 1950లలో రాజు జహీర్ షా పుట్టినరోజు వేడుకల్లో ఉత్తరాది జిల్లాల నుంచి జట్లను రాజధానికి రప్పించి ఆడించడం మొదలైంది. రాజధానికి వచ్చిన ఆటకు యూనిఫారాలు వచ్చాయి, సున్నం గీతలు వచ్చాయి, తీర్పరులు వచ్చారు, తప్పు చేస్తే బయటికి పంపే నియమం వచ్చింది. ఖాన్ కూర్చునే చోట రాజు కూర్చున్నాడు. విదేశీ రాయబారులు పక్కన కూర్చున్నారు. దేశం మొత్తానికి తోయ్ ఇచ్చే పెద్ద ఎవరో అందరికీ కనబడింది. 1973లో రాజు గద్దె పోయింది, 1978లో కమ్యూనిస్టులు వచ్చారు, ఆట మాత్రం కొన్నాళ్లు కుంటుతూ నడిచింది. ఉత్తరాది దారుల మీద ప్రభుత్వానికి పట్టు పోయినకొద్దీ, గుర్రాలను కాబూలుకు రప్పించే శక్తీ పోయింది. 1980లలో పాకిస్తాన్‌కు పారిపోయిన శరణార్థులు అక్కడ ఆడారు, ఈసారి ముజాహిదీన్ నాయకులు పెద్దలయ్యారు. పరీక్ష అదే, పరీక్షకు కూర్చున్నవాళ్లు మారారు.

బయటివాళ్ల మనసులో ఈ ఆట బొమ్మను గీసింది పుస్తకాల కంటే సినిమాలే. ఫ్రెంచి రచయిత జోసెఫ్ కెస్సెల్ 1967లో 'లె కవాలియే' అనే నవల రాశాడు. రాజు ముందు జరిగిన బుజ్‌కషీలో కాలు విరిగిన ఉరాజ్ అనే చాపందాజ్, ఆ అవమానాన్ని మోసుకుంటూ కొండదారుల్లో ఇంటికి తిరిగి వెళ్లే కథ. 1971లో జాన్ ఫ్రాంకెన్‌హైమర్ దాన్ని 'ది హార్స్‌మెన్' పేరుతో తీశాడు. ఒమర్ షరీఫ్ కొడుకు, జాక్ పాలన్స్ తండ్రి. కెస్సెల్‌కు ఆ నేల మీద నిజమైన ప్రేముంది, గుర్రం విలువా తెలుసు. కానీ ఆయన చాపందాజ్ కూలివాడు కాదు, గ్రీకు విషాద నాటకంలోంచి దిగి వచ్చిన వీరుడు. పొగరు, పగ, మౌనం, ఎడారి. పాశ్చాత్య ప్రేక్షకుడికి తన ఊళ్లో కరువైనదంతా ఇక్కడ దొరికింది. 1988లో వచ్చిన 'రాంబో 3'లో కథానాయకుడు అప్పుడే ఊళ్లోకి వచ్చి, ఆటలోకి దిగి, కళేబరాన్ని లాగేస్తాడు. నలభై ఏళ్లకు గానీ రాని విద్య అయిదు నిమిషాల్లో వచ్చేసింది. ఆ వెంటనే హెలికాప్టర్లు వచ్చి బాంబులు వేయకపోతే రెండో ఆట కూడా గెలిచేవాడే.

మనవాళ్లం దీనికి అతీతులమేమీ కాదు. మా తరం తెలుగువాళ్లలో చాలామంది ఈ ఆటను మొదట చూసింది 1992లో వచ్చిన ముకుల్ ఆనంద్ సినిమా 'ఖుదా గవా'లో. దాని తొలి ఘట్టం బుజ్‌కషీయే, అఫ్ఘానిస్తాన్ వెళ్లి తీశారు. అమితాబ్ ఒక జట్టు, శ్రీదేవి ఇంకో జట్టు. తరవాత కథలో నాగార్జున ఉన్నాడు కాబట్టి మన ఊళ్లలోనూ ఆ సినిమా బాగా చూశారు. ఆడవాళ్లు చూడడానికి కూడా రాని మైదానంలో ఒక యువతి జట్టుకు నాయకత్వం వహించి, మేక కోసం గుంజులాడి, ప్రేమలో పడడం చక్కటి హిందీ సినిమా ఊహ. వాంబెరి చూసిన పెళ్లికూతురు నూట ముప్ఫై ఏళ్ల తరవాత బొంబాయి దర్శకుడికి మళ్లీ కనబడిందన్నమాట. తప్పు పట్టడం లేదు, ఆ ఘట్టంలోని దుమ్మూ గుర్రాలూ అసలైనవి. కాబూల్‌లోనే తీసిన 'బుజ్‌కషీ బాయ్స్' అనే పొట్టి చిత్రం 2013 ఆస్కార్ నామినేషన్ల దాకా వెళ్లింది. అందులో ఇద్దరు పేద పిల్లలకు చాపందాజ్ కావాలన్నది కల. ఇన్నింటిలో అదొక్కటే ఈ ఆటను ఒక పిల్లవాడి కళ్లతో చూసింది.

సినిమా శృంగారం ఒకెత్తు, పత్రికల రూపకం ఇంకొకెత్తు. 2001 తరవాత అఫ్ఘాన్ రాజకీయాల మీద రాసిన ప్రతి విలేఖరీ ఎక్కడో ఒక చోట బుజ్‌కషీని తెచ్చాడు. దేశమే మేక, నాయకులే రౌతులు, నియమాల్లేవు, బలవంతుడిదే గెలుపు. కొంత పాపం అజోయ్ పుస్తకానిదే, ఆయన చెప్పిన లోతైన మాటను వీళ్లు పలచన చేసి వాడుకున్నారు. నిజానికి ఆయన చెప్పింది దాదాపు వ్యతిరేకం. గీత గీసిన నియమం లేనిచోట జనం ఊరికే తన్నుకోరు, ఎవరో ఒకరి పెద్దరికాన్ని ఒప్పుకుంటారు, ఆ ఒప్పుదల కోసం ఖాన్‌లు ఇంటి ధాన్యం ఖాళీ చేసుకుంటారు. 'నియమాల్లేని ఆట' అన్నవాళ్లు తగువు దాకా చూసి లేచిపోయారు, తీర్పు చూడలేదు. అయితే రూపకం పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. మార్షల్ ఫహీమ్ రక్షణ మంత్రిగా, తరవాత ఉపాధ్యక్షుడిగా ఉంటూ మేలైన గుర్రాలను పోషించాడు, 2014లో చనిపోయేదాకా కాబూల్ బుజ్‌కషీకి పెద్ద దిక్కు ఆయనే. ఒక్కో చలికాలం శుక్రవారం నాడు ఎవరెవరు ఆయన పక్కన కూర్చున్నారన్నది రాజకీయ వార్తే.

తాలిబన్లది ఇంకో వింత. 1996-2001 మధ్య తమ ఏలుబడిలో ఈ ఆటను అధార్మికమని ఆపేశారు. 2021లో తిరిగి వచ్చాక మాత్రం ఆడనిచ్చారు, కాబూల్‌లో జట్ల పోటీలు వాళ్ల పాలనలోనే జరుగుతున్నాయి. జనం కూడే చోట అధ్యక్ష స్థానం ఖాళీగా వదలకూడదని రెండో విడతలో తెలిసొచ్చినట్టుంది.

అఫ్ఘానిస్తాన్ దగ్గర ఇంతసేపు ఆగడానికి కారణం, బయటివాళ్లు ఎక్కువ రాసింది దాని గురించే. ఆట ఎక్కువ మారింది మాత్రం ఉత్తర సరిహద్దున ఉన్న ఆమూ నదికి అవతల. సోవియట్ కాలంలో దీన్ని వెనకబాటుతనం కింద జమకట్టారు. సామూహిక వ్యవసాయ క్షేత్రాల పండుగల్లో కొంత సాగినా, గుర్రాలే సామూహికమైపోయాక సొంత గుర్రంతో పేరు తెచ్చుకునే మాట ఎక్కడిది? 1991 తరవాత కొత్త దేశాలకు తమదైనదేదో చూపించాల్సి వచ్చింది. కిర్గిజ్‌స్తాన్ దీన్ని పూర్తి స్టేడియం క్రీడగా మలిచింది. దాదాపు 200 మీటర్ల మైదానం, జట్టుకు 12 మంది, ఒకసారి మైదానంలో నలుగురు, 20 నిమిషాల చొప్పున మూడు విడతలు. రెండు చివర్లా తాయ్ కజాన్ అనే గుండ్రటి గట్టు, నడుమ గుంట. గుర్రప్పిల్ల ఉడికేంత కాగు అని దాని పేరుకు అర్థం. ముప్ఫై కిలోలు దాటే మేక కళేబరాన్ని, అంటే ఉలక్‌ను దౌడు మీద ఉండగానే అందులోకి విసరాలి. కొన్నిసార్లు దాంతోపాటు రౌతూ పడతాడు. కజఖ్‌లు కోక్‌పర్‌లో పాత గుంపు ఆటనూ జట్టు ఆటనూ వేరుగా ఉంచుకున్నారు, జల్పీ తార్తిస్ ఒకటి, దోదా తార్తిస్ ఒకటి.

2014లో ఇస్సిక్ కుల్ సరస్సు ఒడ్డున చోల్పొన్ అతాలో తొలి ప్రపంచ సంచార జాతుల క్రీడలు జరిగాయి. 2016లో, 2018లో మళ్లీ అక్కడే, తరవాత 2022లో టర్కీలోని ఇజ్నిక్‌లో, 2024లో అస్తానాలో. 2016 ప్రారంభోత్సవంలో హాలీవుడ్ నటుడు స్టీవెన్ సీగల్ గుర్రమెక్కి ఊరేగాడు, అమెరికా నుంచి ఒక కోక్ బోరు జట్టు కూడా వచ్చి ఆడింది. పాశ్చాత్య పత్రికల్లో ఆ వారమంతా తల లేని మేకే. ఆ అమెరికా రౌతులు పశువుల గడ్డి మైదానాల్లో పెరిగినవాళ్లు. జీను మీద బతికేవాడికి ఇది వింతగా అనిపించలేదు, కష్టంగా అనిపించింది. బయటివాళ్లందరినీ ఒకే గాటన కట్టకూడదని ఇక్కడ తెలుస్తుంది. గుర్రం తెలిసినవాడు ఎక్కడివాడైనా సగం లోపలివాడే.

2017లో యునెస్కో కోక్ బోరును మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ జాబితాలోని వివరణ తప్పక చదవాల్సిన ముక్క. మేక కళేబరం అని చెప్పి, ఆధునిక పోటీల్లో దాని బదులు పోతపోసిన బొమ్మ వాడుతున్నారని పక్కనే చెబుతుంది. కొన్ని పోటీల్లో అది నిజమే. కానీ మరుసటి ఏడాదే చోల్పొన్ అతాలో ప్రపంచం చూస్తుండగా ఆడింది అసలు మేకతోనే. ఊళ్ల ఆటల సంగతి సరేసరి. అంటే బయటివాడికి చూపే కాగితం మీద ఒక ఆట, ఇంట్లో ఒక ఆట. సంప్రదాయం అని జాబితాకెక్కించడానికి ముందు దాన్ని కాస్త కడిగి పెట్టాల్సి వచ్చింది. బయటి చూపు ఇలా లోపలికి వచ్చి కూర్చుంటుంది. బొమ్మతో ఆడితే తప్పేమిటని అడగొచ్చు. తప్పేమీ లేదు, పట్టు దొరికే తీరు, బరువు జారే తీరు మారతాయని ఆటగాళ్ల ఫిర్యాదు. దానితోపాటు ఇంకోటి పోతుంది. పాత ఆచారంలో గెలిచినవాడు ఉలక్‌ను తెచ్చి ఎవరి గడప ముందు పడేస్తే ఆ ఇంటికి శుభం, ఆ ఇంటివాళ్లు దాన్ని వండి విందు పెట్టాలి. గంటలకొద్దీ నలిగిన ఆ మాంసం మెత్తగా ఉంటుందని ఇష్టంగా తింటారు. బొమ్మను వండలేరు.

హింస ప్రశ్న దీని దగ్గరే తేలుతుంది. మేక ఆటలో చావదు, ఆటకు ముందే చచ్చింది, ఏ దావతు కోసం కోసే మేకలాగే కోశారు, చివరికి తిన్నారు. వీడియో కింద కన్నీళ్లు కార్చినవాడి మధ్యాహ్నం బిర్యానీలోని మేకకు ఈ మేక కంటే మెరుగైన చావు దొరికిందేమీ లేదు. కంటికి కనబడిందన్నదే తేడా. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కత్తి కట్టిన కోడి ప్రాణంతో ఉండి చస్తుంది, అదీ మన కళ్ల ముందే. దాన్ని సంప్రదాయమని వాదించే నోటితోనే బుజ్‌కషీని అనాగరికం అనేవాళ్లున్నారు.

ఇక్కడే పోలో గుర్తొస్తుంది. దాని పాత రూపమైన చౌగాన్ కూడా ఈ ప్రాంతాల ఆటే, అదీ మెత్తని ఆటేమీ కాదు. ఢిల్లీ సుల్తాను కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోరులో ఆడుతూనే గుర్రం మీద నుంచి పడి చచ్చిపోయాడు. మణిపురీల గుర్రపు బంతాట సగోల్ కాంగ్జెయ్‌ని చూసి ముచ్చటపడ్డ ఇంగ్లీషు దొరలు 1859లో సిల్చారులో క్లబ్బు పెట్టుకున్నారు, కొన్నేళ్లకు లండన్‌లో నియమాలు రాసుకున్నారు. అప్పటి నుంచి పోలో పెద్దమనుషుల ఆట, నిజాం హైదరాబాదులో నవాబుల ఆట. మేకను లాగే ఆటను మాత్రం ఏ దొరా తన క్లబ్బుకు తీసుకుపోలేదు. అందుకే ఒకదాన్ని చేతి గడియారాల ప్రకటనల్లో చూస్తాం, ఇంకోదాన్ని వింతల శీర్షికలో చూస్తాం. అనాగరికం, నాగరికం అన్న తూకంలో రాయి ఎవరు వేశారన్నది చూడాలి.

అలాగని ఇందులో తప్పులే లేవనడం ఇంకో రకం గుడ్డితనం. తప్పులున్నాయి, అవి మేక దగ్గర లేవు. గుర్రాలు గాయపడతాయి, కాళ్లు విరిగినవి మళ్లీ లేవవు. రౌతులు చస్తారు. విరిగిన పక్కటెముకకు వైద్యం ఖర్చు గుర్రం యజమాని ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. బహుమానాలు ఒకప్పుడు కోటు, తలపాగా, కాస్త డబ్బు. ఇప్పుడు కార్లు, ఒంటెలు, డాలర్లు. పందెం పెరిగినకొద్దీ తొక్కిసలాటా పెరిగింది. అఫ్ఘానిస్తాన్ మైదానాల్లో చూసే జనంలో ఆడవాళ్లు లేరు, ఇప్పటి పాలనలో ఉండే అవకాశమూ లేదు. దీన్ని ఖండించాలనుకునేవాళ్లకు ఇంత సామగ్రి ఉండగా, తల లేని మేకనే పట్టుకు వేలాడడం చూస్తే వాళ్లకు ఆట మీద కోపం కంటే ఆ దృశ్యం మీద మోజు ఎక్కువేమో అనిపిస్తుంది.

కిర్గిజ్‌లు 2026లో సంచార జాతుల క్రీడలను మళ్లీ తమ దేశానికి తెచ్చుకున్నారు. వీడియోలు మళ్లీ మన ఫోన్లలోకి వస్తాయి, పైన అదే మేక పేరు ఉంటుంది. ఈసారి ఒక్క నిమిషం మేకను వదిలేయండి. రౌతు నేలకు ఒరిగినప్పుడు అతని కింద గుర్రం ఏం చేస్తోందో చూడండి. చుట్టూ ఇరవై గుర్రాలు తోస్తున్నా, చెవులు వెనక్కి పెట్టి, కాళ్లు బిగబట్టి, అతను లేచేదాకా అది కదలకుండా నిలబడి ఉంటుంది.